బ్యాకప్ ఉంది, అయినా అంతా పోయింది: సమస్య - పరిష్కారం

విశాఖపట్నం పాత ఫోటోలు, వీధుల వెనుక కథలు పోగుచేసే ఒక ఆన్‌లైన్ బృందానికి సర్వర్ పని చూసేది నేనే. జీతం లేని కొలువు. ఒకసారి హ్యాకర్ దెబ్బ తిన్నాక, మాలాంటి ఇతర బృందాల వాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటేనని గమనించి ఇది రాస్తున్నాను.

లక్షణం: ఫైళ్ల పేర్ల చివర వింత అక్షరాలు, ప్రతి ఫోల్డర్‌లో డబ్బు అడిగే చీటీ. బ్యాకప్ ఫోల్డర్‌లోనూ అదే చీటీ.

కారణం: రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగే ప్రోగ్రామ్. బ్యాకప్ అదే యంత్రంలోనో, ఎప్పుడూ దానికి తగిలించి ఉంచిన డిస్క్‌లోనో ఉంది. సర్వర్‌కు రాసే హక్కు ఉన్న ప్రతి చోటా, సర్వర్‌ను పట్టుకున్నవాడికీ ఆ హక్కు ఉంటుంది.

పరిష్కారం: ముందు నెట్‌వర్క్ తప్పించండి. కంగారులో పవర్ ఆపేయకండి, మెమరీలో మిగిలిన ఆధారాలు దానితో పోతాయి. చీటీని ఫోటో తీసి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. యూరోపోల్ (ఐరోపా యూనియన్ పోలీసు సంస్థ), నెదర్లాండ్స్ పోలీసులు, కొన్ని భద్రతా సంస్థలు కలిసి 2016లో మొదలుపెట్టిన ‘నో మోర్ రాన్సమ్’ వెబ్‌సైట్‌లో కొన్ని రకాల రాన్సమ్‌వేర్‌కు విరుగుడు ఉచితంగా దొరుకుతుంది. మీకు సోకినది ఆ జాబితాలో ఉంటే అదృష్టవంతులు. డబ్బు మాత్రం కట్టకండి, కట్టినా ఫైళ్లు వస్తాయన్న పూచీ ఎవరూ ఇవ్వరు. ఆ తర్వాత సర్వర్‌ను మొదటి నుంచి కట్టుకుని, బయట ఉన్న నకలు నుంచి నింపాలి. బయట నకలు లేకపోతే ఇక సభ్యుల ఫోన్లలో మిగిలిన ఫోటోలను ఒక్కొక్కటిగా అడుక్కోవడమే.

లక్షణం: క్లౌడ్‌లో పెట్టిన నకలు కూడా మాయమైంది.

ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే.

కారణాలు రెండు. మొదటిది, సింక్‌ను బ్యాకప్ అనుకోవడం. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోయేదే సింక్. రెండోది ఇంకా ప్రమాదకరం: క్లౌడ్ ఖాతా పాస్‌వర్డ్ సర్వర్‌లోనే ఒక ఫైల్‌లో రాసి ఉంటుంది. 2014లో కోడ్ స్పేసెస్ అనే సంస్థ క్లౌడ్ నిర్వహణ ఖాతా దుండగుడి చేతికి చిక్కింది. అసలు డేటాతో పాటు బ్యాకప్‌లలో చాలా భాగాన్ని అతను చెరిపేశాడు, సంస్థ మూతపడింది. 2019 ఫిబ్రవరిలో వీఎఫ్‌ఈమెయిల్ అనే మెయిల్ సేవ అమెరికా సర్వర్లను, వాటి బ్యాకప్‌లతో సహా తుడిచేశారు. అందుకే నకలు ఎంత దూరంలో ఉందన్న దానికన్నా దాని తాళంచెవి ఎక్కడుందని నేను ముందు అడుగుతాను.

పరిష్కారం: దిశ మార్చండి. సర్వర్ నకలును బయటికి పంపడం మాని, బయట ఉన్న యంత్రమే వచ్చి తీసుకువెళ్ళాలి. దానికి సర్వర్‌లో చదివే హక్కు చాలు. దాని పాస్‌వర్డ్ సర్వర్‌కు తెలియనే తెలియదు కాబట్టి దొంగ ఎత్తుకుపోవడానికి ఏమీ ఉండదు. క్లౌడ్ తప్పనిసరైతే వేరే ఈమెయిల్‌తో, రెండంచెల ధ్రువీకరణతో వేరే ఖాతా తెరిచి, 30 రోజుల వరకు ఎవరూ చెరపలేని విధంగా లాక్ పెట్టే సదుపాయాన్ని వాడండి.

లక్షణం: బ్యాకప్ నుంచి పునరుద్ధరించాక కొద్ది రోజులకే మళ్ళీ హ్యాక్.

కారణం: దొంగ బయటపడిన రోజూ, లోపలికి వచ్చిన రోజూ ఒకటి కావు. వారాల ముందే వచ్చి దొడ్డిదారి పెట్టుకుని ఉంటాడు. నిన్నటి నకలులో అదీ ఉంది.

పరిష్కారం: ఒక్క నకలు మీదే మళ్ళీ మళ్ళీ రాయకండి. 7 రోజువారీ, 4 వారపు, 12 నెలవారీ నకళ్లు ఉంచుకోండి. పునరుద్ధరించేటప్పుడు డేటాబేస్, ఫోటోలు మాత్రమే తీసుకుని, సాఫ్ట్‌వేర్ కొత్తగా ఎక్కించండి. ఫోటోల ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైల్ కనిపిస్తే అది ఫోటో కాదు, సర్వర్‌లో నడిచే ప్రోగ్రామ్. డేటాబేస్‌లో మీకు తెలియని అడ్మిన్ ఉన్నాడేమో చూసి, పాస్‌వర్డ్‌లన్నీ మార్చాకే తలుపు తెరవండి.

లక్షణం: హ్యాకర్ ఎవరూ లేరు, రెండు నకళ్లూ ఒకేసారి పోయాయి.

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్గ్‌లో సర్వర్లు అద్దెకిచ్చే ఓవీహెచ్ సంస్థ డేటాసెంటర్ కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అదే ఆవరణలో పెట్టినవాళ్ళలో కొందరికి ఏమీ మిగల్లేదు. మనకు నిప్పుకన్నా గాలి భయం. సర్వర్ విశాఖలోని ఎం.వి.పి. కాలనీలో, నకలు గాజువాకలో అంటే మ్యాపులో దూరమే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఆ రెండు చోట్లనూ వేరుచేసి చూడలేదు, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలనూ వదల్లేదు. మా రెండో నకలు హైదరాబాద్‌లో ఒక సభ్యురాలి ఇంట్లో ఉంటుంది. సముద్రం దగ్గర ఫ్లాట్లలో డిస్క్ పెట్టేవాళ్ళకు మరొక మాట: ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులు తుప్పుపడతాయి. గాలి చొరబడని డబ్బాలో, సిలికా జెల్ పొట్లంతో దాచండి.

లక్షణం: నకలు ఉంది, తెరుచుకోవడం లేదు.

కారణం: ఎవరూ ఎప్పుడూ తెరిచి చూడలేదు. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపితే, అప్పుడు తెలిసింది బ్యాకప్ పద్ధతుల్లో ఏదీ సరిగా పనిచేయడం లేదని. ఒకటి అసలు తయారవడమే లేదు. అదృష్టవశాత్తు సుమారు 6 గంటల ముందటి నకలు ఒకటి దొరికింది.

పరిష్కారం: మూడు నెలలకోసారి పాత ల్యాప్‌టాప్ ఒకటి తీసుకుని, ఇంటర్నెట్ తగలకుండా, నకలు నుంచి మొత్తం నిలబెట్టి చూడండి. మా మొదటి ప్రయత్నం ఒక ఆదివారమంతా మింగింది. డేటాబేస్ బాగానే వచ్చింది. ఫోటోలే రాలేదు. నెలల తరబడి ఆ ఫోల్డర్ బ్యాకప్ జాబితాలోనే లేదట! సభ్యుల ఫోన్ నంబర్లు ఉంటాయి కనుక నకలును ఎన్‌క్రిప్ట్ చేయడం (పాస్‌వర్డ్ లేనిదే చదవలేని రూపంలోకి మార్చడం) తప్పదు, కానీ దాని పాస్‌వర్డ్ సర్వర్‌లో దాస్తే దానితోనే పోతుంది. మాది కాగితం మీద రాసి, ఒకటి సీతమ్మధారలో, ఒకటి హైదరాబాద్‌లో పెట్టాం.