సైలెన్సర్‌కు వేసిన నలుపు నిలవడం లేదా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

కారు వెనుక తళతళలాడే గొట్టం కంటే మెరుపు లేని నల్ల గొట్టం అందంగా ఉంటుందని నేనూ ఒప్పుకుంటాను. కానీ వేయించిన కొద్ది వారాలకే పెచ్చులూడిందంటే అసలు వేయించకపోవడమే నయమనిపిస్తుంది. అలాంటప్పుడు చాలామంది రంగు డబ్బాను తిడతారు. చూడాల్సింది మాత్రం వేడిని. పొగ వెళ్లే దారిలో ఒక్కో భాగానిది ఒక్కో వేడి. ఇంజన్‌కు ఆనుకుని ఉండే మానిఫోల్డ్ పెట్రోలు కారులో హైవే వేగం మీద 600 డిగ్రీల సెల్సియస్ కూడా దాటగలదు. వెనుక బయటికి కనిపించే చివరి గొట్టం సాధారణంగా 100, 200 డిగ్రీల మధ్యే ఉంటుంది. ఈ రెండింటికీ ఒకే మందు పనిచేయదు.

పెచ్చులుగా ఊడుతోంది

ఊడిన పెచ్చును పారేయకండి. అరచేతిలో వేసుకుని వెనక్కి తిప్పి చూడండి. వెనుక ఎర్రటి పొడి అంటుకుని ఉంటే తుప్పు మీదే రంగు వేశారని అర్థం. వెనుక శుభ్రంగా ఉండి, ఊడిన చోట లోహం మెరుస్తుంటే నున్నటి స్టెయిన్‌లెస్ స్టీలు మీదో క్రోమ్ పూత మీదో గరుకు చేయకుండా కొట్టేశారు. జిడ్డుగా ఉంటే చెప్పేదేముంది, ఆయిల్ తుడవలేదు.

మూడింటికీ విరుగుడు ఒకటే, కాకపోతే ఓపిక కావాలి. పాత రంగు మొత్తం వైర్ బ్రష్‌తో గీకి, 80 నంబరు ఎమెరీ కాగితంతో రుద్ది, ఆపైన 120 నంబరుతో సాపు చేయాలి. క్రోమ్ పూత లేస్తూ ఉంటే లేచినంత మేరా తీసేయాల్సిందే. తర్వాత థిన్నర్‌లోనో అసిటోన్‌లోనో ముంచిన తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డ మళ్లీ తెల్లగా వచ్చేదాకా తుడుస్తూనే ఉండాలి. తుడిచాక ఒట్టి చేతితో ముట్టుకోవద్దు, చేతి జిడ్డు చాలు రంగు పట్టు వదలడానికి.

కళింగపట్నం, భోగాపురం వైపు సముద్రానికి దగ్గరగా ఉండేవారికి ఇంకో పని ఉంది. గాలిలోని ఉప్పు లోహం మీద కంటికి కనిపించకుండా పేరుకుంటుంది. థిన్నర్‌కు ఉప్పు కరగదు. రుద్దే ముందే మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. రుద్దిన లోహాన్ని రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి సన్నటి ఎర్ర పొర వస్తుంది కాబట్టి రుద్దిన రోజే రంగు కొట్టేయాలి.

బుడగలు లేస్తున్నాయి

ఇది డెంటింగ్ షెడ్డు అలవాటు తెచ్చే తంటా. డోరుకో బంపరుకో చేసినట్టే ఇక్కడా గుంటల్లో పుట్టీ నింపి, మామూలు ప్రైమర్ కొట్టి, దాని మీద ఖరీదైన హీట్ ప్రూఫ్ (వేడికి ఆగే) రంగు వేస్తారు. పై పొర తట్టుకుంటుంది, కింద ఉన్నది అప్పడంలా ఉబ్బుతుంది. తుప్పును నల్లగా మార్చే ద్రావణాలు కూడా చాలావరకు ఈ వేడికి ఆగవు. అన్నీ తీసేసి శుభ్రమైన లోహం మీద నేరుగా కొట్టండి. ప్రైమర్ వాడి తీరాలంటే అదే రకం హీట్ ప్రూఫ్ ప్రైమర్ తీసుకోండి. గుంటలు కనిపిస్తాయంటారా? కారు కింద పడుకుని చూసేదెవరు!

బుడగలు కాకుండా ముడతలు పడితే రంగు మందంగా పడిందని లెక్క. సుమారు 25 సెంటీమీటర్ల దూరం నుంచి పలచగా రెండు మూడు పూతలు వేయాలి. పూతకూ పూతకూ మధ్య ఎంత ఆగాలో డబ్బా మీదే రాసి ఉంటుంది.

బూడిద రంగుకు తిరిగి, వేలికి పొడిలా అంటుతోంది

రంగులోని జిగురు మాడిపోయి ఒట్టి పొడి మిగిలింది. మామూలు ఎనామెల్ 150 డిగ్రీల దగ్గరే పాడవడం మొదలవుతుంది. సిలికోన్ ఆధారిత రంగులు 600, 650 దాకా ఆగుతాయని డబ్బా మీద రాస్తారు గానీ, అది కాసేపటి వేడికి చెప్పే గరిష్ఠం. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం) ఉన్న ఇంజన్ మానిఫోల్డ్‌కు స్ప్రే డబ్బా మీద ఆశ పెట్టుకోకండి, సిరామిక్ కోటింగ్ చేయించండి. లేదంటే వదిలేయండి, బానెట్ కింద అది ఎవరికీ కనిపించదు.

ఆరినట్టే ఉంది, గోటితో గీకితే వచ్చేస్తోంది

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. హీట్ ప్రూఫ్ రంగు గంటలో చేతికి అంటకుండా ఆరుతుంది, కానీ గట్టిపడదు. దాదాపు 200 డిగ్రీలు, ఆపైన కాలితేనే దానికి బలం వస్తుంది. శ్రీకాకుళంలో ఉంటూ బండిని అరసవల్లి గుడి దాకా, బజారు దాకా మాత్రమే తీసేవారి సైలెన్సర్ ఆ వేడిని చూడనే చూడదు.

విప్పగలిగిన భాగమైతే పౌడర్ కోటింగ్ (పొడి రంగును కాల్చి అతికించే పని) చేసేవారి దగ్గర 300 డిగ్రీలు దాటే ఓవెన్ ఉంటే అందులో కాల్పించడం ఉత్తమం. తరచుగా చెప్పే క్రమం 120, 200, 315 డిగ్రీల దగ్గర అరగంట చొప్పున, మధ్యలో అరగంట చల్లారనివ్వడం. మీ డబ్బా మీద వేరే అంకెలుంటే వాటినే పాటించండి. ఇంట్లో వంట ఓవెన్ జోలికి వెళ్లొద్దు. బండికే ఉంచి చేస్తే ఇంజన్‌ను పది నిమిషాలు నడిపి పూర్తిగా చల్లార్చండి, తర్వాత ఇరవై నిమిషాలు, మళ్లీ చల్లార్చి హైవే మీద నరసన్నపేట వైపు అరగంట ఆగకుండా పోనివ్వండి. అంత నడిపినా చివరి గొట్టానికి వేడి చాలదు. దాని వరకు హీట్ గన్‌తో (వేడి గాలి ఊదే పరికరం) కాల్చండి, లేదా తక్కువ వేడికే గట్టిపడే ఇంజన్ ఎనామెల్ వేయండి.

మొదటిసారి వేడెక్కినప్పుడు కొంచెం పొగ, ఘాటు వాసన వస్తాయి, భయపడక్కర్లేదు. ఆ పని ఆరుబయటే చేయండి, మూసిన షెడ్డులో ఇంజన్ నడిపితే విషవాయువుతో ప్రాణం మీదికి వస్తుంది. వారం తర్వాత కూడా పొగ వస్తుంటే గొట్టం మీద ఇంజన్ ఆయిల్ కారుతోందేమో చూడండి.

తెల్లటి మసక కమ్మింది

గాలిలో తేమ. వాన ముసురులోనో సముద్రపు గాలి తగిలే సాయంత్రమో కొట్టారు. మసక పొర రుద్ది, ఎండెక్కాక పొడి వేళలో ఇంకో పలచటి పూత వేయండి. అక్టోబరులో తుపాను కబురు వినిపిస్తుంటే పని వాయిదా వేయండి.

అతుకు దగ్గర మసి చార

రంగు తప్పేమీ లేదు, గాస్కెట్ (అతుకు మధ్య పొగ బయటికి రాకుండా పెట్టే పలుచటి బిళ్ల) లీకవుతోంది. తెల్లవారి చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు అక్కడ చుఫ్ చుఫ్‌మని చప్పుడు వస్తే ఇక సందేహం వద్దు. గాస్కెట్ మార్చాకే రంగు.

సైలెన్సర్‌లో నీళ్లు కదిలిన చప్పుడు

చాలా సైలెన్సర్లకు అడుగున అగ్గిపుల్ల దూరేంత చిన్న రంధ్రం ఉంటుంది. లోపల చేరిన నీరు కారిపోవడానికే అది. రంగు దాన్ని పూడ్చేస్తే లోపలి నుంచి తుప్పు తింటుంది. సన్నటి తీగతో పొడిచి తెరవండి. ఈసారి కొట్టే ముందు అందులో అగ్గిపుల్ల గుచ్చి, ఆక్సిజన్ సెన్సార్‌కు (పొగలో ఆక్సిజన్ కొలిచే పరికరం), దాని వైరుకు, సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బరు హ్యాంగర్లకు మాస్కింగ్ టేప్ చుట్టండి. సెన్సార్ మీద రంగు పడితే డాష్‌బోర్డులో ఇంజన్ లైటు వెలిగే ప్రమాదం ఉంది, దాని ఖర్చు ముందు రంగు డబ్బా ఖర్చు ఏపాటిది?