కొత్త ప్రాసెసర్ పుకార్లను తూకం వేసి డెస్క్‌టాప్ కొనడం ఎలా

2018 డిసెంబరులో ఒక యూట్యూబ్ ఛానల్ ఏఎండీ సంస్థ తర్వాతి తరం రైజెన్ ప్రాసెసర్ల పట్టికను ధరలతో సహా బయటపెట్టింది. 16 కోర్లతో (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) 5.1 గిగాహెర్ట్జ్ వేగాన్ని అందుకునే ప్రాసెసర్ 499 డాలర్లకు, 12 కోర్ల రైజెన్ 7 3700ఎక్స్ 329 డాలర్లకు వస్తాయని, జనవరిలో లాస్ వేగాస్‌లో జరిగే ప్రదర్శనలోనే వాటి ప్రకటన ఉంటుందని అందులో ఉంది. ఆ పట్టికను నమ్మి కొనుగోలు వాయిదా వేసుకున్నవారు చాలామందే ఉన్నారు. తీరా ఆ ప్రాసెసర్లు అమ్మకానికి వచ్చింది 2019 జూలై 7న. 3700ఎక్స్ ధర 329 డాలర్లే అయినా అందులో ఉన్నవి 8 కోర్లు, దాని గరిష్ఠ వేగం 4.4 గిగాహెర్ట్జ్. 499 డాలర్లకు దొరికింది 12 కోర్ల 3900ఎక్స్. 16 కోర్ల 3950ఎక్స్ నవంబరు దాకా రాలేదు, వచ్చినప్పుడు దాని ధర 749 డాలర్లు, గరిష్ఠ వేగం 4.7 గిగాహెర్ట్జ్.

అయితే ఆ పట్టిక మొత్తం కల్పితమని కొట్టిపారేయడానికీ వీల్లేదు. సాధారణ డెస్క్‌టాప్ సాకెట్‌లోకి (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) 16 కోర్లు వస్తాయన్నది అప్పటికి నమ్మశక్యం కాని మాట, అది నిజమైంది. కోర్లు ఒక ముక్కలో, ఇన్‌పుట్, ఔట్‌పుట్ పనులు మరో ముక్కలో ఉండే చిప్‌లెట్ నిర్మాణం గురించి అప్పుడు వినిపించిన మాటలూ నిజమయ్యాయి. తప్పినవి వేగం, ధర, తేదీ. ఇలా తప్పడం కాకతాళీయం కాదు. పుకారును తూకం వేసే పద్ధతి అంతా ఈ తేడాను అర్థం చేసుకోవడంలోనే ఉంది.

పుకారులోని ఒక్కొక్క అంశాన్ని విడదీసి, ఆ అంశం కంపెనీ లోపల ఏ దశలో ఖాయమవుతుందో ముందుగా ఆలోచించాలి. ప్రాసెసర్ రూపకల్పనకు కొన్నేళ్లు పడుతుంది. కోర్ నిర్మాణం, ఒక్కో ముక్కలో ఎన్ని కోర్లు ఉండాలి, ఏ రకం మెమరీతో పనిచేయాలి, ఏ సాకెట్‌లో కూర్చోవాలి అన్న నిర్ణయాలు ఆ తొలి దశలోనే జరుగుతాయి. సాకెట్ విషయమైతే మదర్‌బోర్డు తయారీదారులకు, కూలర్ల తయారీదారులకు చాలా ముందుగా చెప్పక తప్పదు కాబట్టి అది ఎక్కువమంది చేతుల్లోకి వెళ్తుంది, అందుకే సాకెట్ గురించిన లీకులు చాలావరకు నిజమవుతాయి. ప్రాసెసర్ ఎన్ని గిగాహెర్ట్జ్ వేగంతో అమ్ముడవుతుందన్నది మాత్రం ఫ్యాక్టరీ నుంచి సిలికాన్ చేతికొచ్చి, వోల్టేజీ, వేడి పరీక్షలు ముగిశాక గానీ తేలదు. ధర అన్నిటికంటే చివర్లో, పోటీదారు ఏం చేస్తున్నాడో చూసుకుని నిర్ణయిస్తారు. ఆరు నెలల ముందే ధర తెలిసిందని ఎవరైనా చెబితే, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత గుర్తు తెచ్చుకోవడం మంచిది. అప్పటికి కంపెనీకే తెలియని సంగతి లీకు చేసినవాడికి తెలిసే అవకాశం లేదు.

నమూనా ప్రాసెసర్ల వేగాన్ని చూసి నిరాశపడటం కూడా ఇలాంటి పొరపాటే. 2016 ఆగస్టులో ఏఎండీ తన జెన్ అనే కోర్ నిర్మాణపు తొలి నమూనాను బహిరంగంగా ప్రదర్శించినప్పుడు దాన్ని 3 గిగాహెర్ట్జ్ దగ్గర నడిపించి, ఇంటెల్ కోర్ ఐ7-6900కే వేగాన్ని కూడా అక్కడికే తగ్గించి రెండింటినీ పోల్చింది. అదే నిర్మాణంతో 2017 మార్చి 2న మార్కెట్లోకి వచ్చిన రైజెన్ 7 1800ఎక్స్ మూల వేగం 3.6, గరిష్ఠ వేగం 4 గిగాహెర్ట్జ్. ఇంజనీరింగ్ శాంపిల్ అనే తొలి నమూనాల పని చిప్ సరిగా నడుస్తోందో లేదో చూడటం వరకే. క్వాలిఫికేషన్ శాంపిల్ అనే మలి దశకు చేరిన నమూనా మాత్రం అమ్మకపు సరుకుకు దగ్గరగా ఉంటుంది. లీకు ఈ రెండింటిలో దేనికి చెందినదో తెలియకపోతే అందులోని వేగం అంకెను పక్కన పెట్టేయవచ్చు.

రెండో పని, వార్త పుట్టిన చోటును వెతికి పట్టుకోవడం. పది సైట్లలో కనిపించిన వార్తకు పది ఆధారాలు ఉన్నాయనిపిస్తుంది. లింకుల వెంట వెనక్కి వెళ్తే చాలాసార్లు అవన్నీ ఒకే ఒక్క చైనా సామాజిక మాధ్యమపు పోస్టు దగ్గరో, ఒకే వ్యక్తి ట్వీటు దగ్గరో ఆగుతాయి. మధ్యలో ‘కావచ్చు’ అన్న మాట ‘అవుతుంది’గా మారిపోయి ఉంటుంది కూడా. కాబట్టి మొదటి ఆధారాన్ని చూడకుండా శీర్షికను నమ్మకూడదు.

ఆధారాలన్నిటికీ ఒకే విలువ ఉండదు. నా దృష్టిలో అన్నిటికన్నా గట్టివి కంపెనీ ఇంజనీర్లే తమ పేర్లతో కంపైలర్లకు (రాసిన కోడ్‌ను ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చే సాఫ్ట్‌వేర్), లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్‌కు పంపే మార్పులు. కొత్త ప్రాసెసర్ మార్కెట్లోకి వచ్చేనాటికి సాఫ్ట్‌వేర్ సిద్ధంగా ఉండాలంటే వాటిని ముందుగా పంపక తప్పదు, అబద్ధం రాస్తే కోడ్ పనిచేయదు. 2024 ఫిబ్రవరిలో ఏఎండీ జీసీసీ అనే కంపైలర్‌కు తన కొత్త జెన్ 5 కోర్‌కు కావలసిన మార్పులు పంపింది. ఆ కోర్ కొత్తగా ఏ ఆదేశాలను అర్థం చేసుకోగలదో ఆగస్టులో ప్రాసెసర్ అమ్మకానికి రాకముందే అందరికీ తెలిసింది ఆ దారిలోనే. అయితే ఇటువంటి మార్పుల్లో ధరలు, తేదీలు దొరకవు.

వీటి తర్వాత చెప్పుకోవలసినవి సరుకు రవాణా రికార్డులు. ఇందులో హైదరాబాదుకు ఒక చిన్న పాత్ర ఉంది. ఏఎండీకి హైదరాబాదులో రూపకల్పన కేంద్రం ఉండటం వల్ల పరీక్షల కోసం నమూనా బోర్డులు విదేశాల నుంచి ఇక్కడికి వచ్చేవి. 2010ల మధ్యకాలంలో జౌబా అనే సైటు మన దేశపు కస్టమ్స్ దిగుమతి వివరాలను వెతకడానికి వీలుగా అందించేది. విడుదల కాని గ్రాఫిక్స్ కార్డుల సంకేత సంఖ్యలను ప్రపంచమంతటి ఔత్సాహికులు ఆ రికార్డుల్లో వెతికి పట్టుకునేవారు. ఇటువంటి రికార్డు ఒక వస్తువు ఉందని, అది పరీక్షల దశలో ఉందని చెబుతుంది. అందులో రాసిన విలువ కస్టమ్స్ లెక్క కోసం రాసింది కాబట్టి దాన్ని అమ్మకపు ధరగా లెక్కించడం తప్పు.

బెంచ్‌మార్క్ (వేగ పరీక్ష) స్కోర్ల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. గీక్‌బెంచ్ అనే పరీక్ష ఫలితాల జాబితాలోకి ఎవరైనా ఫలితాన్ని ఎక్కించవచ్చు, వర్చువల్ మెషీన్‌లో (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్‌లో) ప్రాసెసర్ పేరును మార్చి చూపడం కూడా కష్టం కాదు. స్కోరు నిజమైనదే అయినా మూడు విషయాలు చూడకుండా పోల్చకూడదు: ఏ వెర్షన్‌తో పరీక్షించారు, మెమరీ వేగం ఎంత, గిగాహెర్ట్జ్‌లో నమోదైన గరిష్ఠ గడియార వేగం ఎంత. గీక్‌బెంచ్ 5 స్కోరును గీక్‌బెంచ్ 6 స్కోరుతో పోల్చడం అంగుళాలను సెంటీమీటర్లతో పోల్చినట్టే ఉంటుంది. పైగా ఒకే వెర్షన్‌లోనూ ఒకటి రెండు ఉపపరీక్షల్లో కొత్త ఆదేశాల సాయంతో స్కోరు ఎగబాకి మొత్తం సగటును పైకి లాగవచ్చు, మీరు చేసే పనికి ఆ ఆదేశాలతో సంబంధమే లేకపోవచ్చు.

ఈ సగటు అన్న మాట దగ్గరే శాతాల పుకార్లు బోల్తా పడతాయి. జెన్ 5 కోర్ పాతదానికన్నా 40 శాతం వేగంగా ఉంటుందన్న మాట 2024 తొలి నెలల్లో చక్కర్లు కొట్టింది. జూన్‌లో తైపేలో జరిగిన కంప్యూటెక్స్ ప్రదర్శనలో ఏఎండీ స్వయంగా చెప్పుకున్నది ఒకే గడియార వేగం దగ్గర సగటున 16 శాతం పెరుగుదల మాత్రమే. ఆ సగటులో కూడా కొన్ని పనులకు పెరుగుదల చాలా ఎక్కువ, మరికొన్నిటికి తక్కువ. శాతం కనిపించినప్పుడల్లా ఏ పనిలో, దేనితో పోల్చి, ఎంత విద్యుత్తు దగ్గర అన్న మూడు ప్రశ్నలు వేసి, జవాబు లేని శాతాన్ని లెక్కలోంచి తీసేయాలి.

కంపెనీ ప్రతినిధి వేదిక మీద చెప్పిన మాటను పుకారుగా చూడాలా అని కొందరికి సందేహం కలగవచ్చు. భవిష్యత్తు గురించిన మాట అయితే చూడాలనే నేనంటాను. 2003 జూన్‌లో యాపిల్ డెవలపర్ల వార్షిక సమావేశంలో పవర్‌మ్యాక్ జీ5 డెస్క్‌టాప్‌ను ప్రకటిస్తూ ఆ సంస్థ అధిపతి స్టీవ్ జాబ్స్ పన్నెండు నెలల్లో 3 గిగాహెర్ట్జ్ అందిస్తామని మాట ఇచ్చారు. ఏడాది తర్వాత వచ్చింది 2.5 గిగాహెర్ట్జ్, ఆ తర్వాతి ఏడాది 2.7. 3 గిగాహెర్ట్జ్ జీ5 ఎన్నటికీ రాలేదు. 2005 జూన్ 6న ఆయనే అదే వార్షిక సమావేశపు వేదిక మీద యాపిల్ ఇంటెల్ ప్రాసెసర్లకు మారుతోందని ప్రకటించారు. యాపిల్ లోపల మార్క్లార్ పేరుతో ఇంటెల్ ప్రాసెసర్ల మీద మ్యాక్ ఓఎస్ నడిపే పని రహస్యంగా సాగుతోందని 2002లోనే వార్త వచ్చింది, దాన్ని నమ్మినవారు కొద్దిమంది. వేదిక మీద ఇచ్చిన మాట తప్పడం, పుకారు నిజం కావడం, రెండూ ఒకే కథలో జరిగాయి. ఇంటెల్ విషయంలోనూ ఇలాంటిదే చూశాం. ఆరో లేక్ అనే డెస్క్‌టాప్ ప్రాసెసర్లను తన సొంత 20ఏ అనే తయారీ ప్రక్రియ మీద తయారు చేస్తానని ఏళ్ల తరబడి చెప్పిన ఇంటెల్, 2024 సెప్టెంబరులో ఆ ఆలోచనను విరమించుకుని బయటి ఫ్యాక్టరీలనే ఆశ్రయించింది. ఆ శ్రేణిలో అక్టోబరు 24న అమ్మకానికి వచ్చిన కోర్ అల్ట్రా 9 285కే కోర్లు తైవాన్ సంస్థ టీఎస్‌ఎంసీ తయారు చేసినవి.

ఇక అసలు నిర్ణయానికి వస్తే, పుకారులో కొనుగోలుదారుకు నిజంగా ఉపయోగపడేది సాకెట్ సమాచారమే. కొన్న మదర్‌బోర్డులో రెండేళ్ల తర్వాత మరో తరం ప్రాసెసర్ పెట్టుకోగలమా అన్నది వందల మెగాహెర్ట్జ్ తేడాకన్నా పెద్ద విషయం. 2017లో ఏఎండీ ఏఎం4 సాకెట్ ఉన్న బోర్డు కొన్నవారిలో చాలామంది 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ దాకా అదే బోర్డు మీద కొనసాగగలిగారు. సాకెట్ ఒకటైనంత మాత్రాన భరోసా ఉండదన్నది కూడా ఆ ఏఎం4 చరిత్రే నేర్పింది. 2020 మేలో ఏఎండీ ఏఎం4 సాకెట్ ఉన్న 400 శ్రేణి బోర్డులకు జెన్ 3 ప్రాసెసర్ల మద్దతు ఉండదని చెప్పి, కొనుగోలుదారుల ఆగ్రహం చూసి అదే నెలలో మాట మార్చుకుంది. అందువల్ల సాకెట్‌తో పాటు ఆ బోర్డు తయారీదారు బయోస్ (కంప్యూటర్‌ను తొలుత నడిపించే బోర్డు సాఫ్ట్‌వేర్) మార్పులను ఎన్నాళ్లు విడుదల చేస్తూ వచ్చాడో కూడా చూడాలి. యాపిల్ డెస్క్‌టాప్‌లు కొనేవారి లెక్క వేరు. అక్కడ సాకెట్ లేదు, తర్వాత మెమరీ పెంచుకునే వీలూ లేదు, కాబట్టి వచ్చే చిప్ పేరుకన్నా ఇవాళ ఎంత మెమరీతో కొంటున్నామన్నదే ముఖ్యం. పేర్లను నమ్ముకోలేమనడానికి 2025 మార్చి నాటి మ్యాక్ స్టూడియో చాలు. ఎం4 అల్ట్రా వస్తుందని చాలామంది ఎదురుచూశారు, వచ్చినవి ఎం4 మ్యాక్స్, ఎం3 అల్ట్రా.

ఎదురుచూడటానికి కూడా ఒక ఖర్చు ఉంటుంది. 2025 చివరి నెలల్లో డీడీఆర్5 మెమరీ ధరలు ఒక్కసారిగా ఎగసినప్పుడు, ప్రాసెసర్ మీద నాలుగు వేలు మిగులుతాయని ఆగినవారు మెమరీ దగ్గర అంతకు మించి పోగొట్టుకున్నారు. లీకైన డాలర్ ధరను రూపాయల్లోకి మార్చుకుని ఆశపడటమూ సరికాదు. అమెరికాలో ప్రకటించే ధరలో పన్ను ఉండదు, మన దగ్గర ప్రాసెసర్ మీద 18 శాతం జీఎస్టీ కలుస్తుంది, దాని మీద పంపిణీదారు లాభం ఉంటుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి కొత్త ప్రాసెసర్ రాబోయే వారంలో పాత తరం ధర అడిగి చూడండి. కొత్తదాని కోసం ఆగడం వల్ల దక్కే లాభం చాలాసార్లు ఆ పాతదాని తగ్గింపులోనే ఉంటుంది.

నేను పాటించే నియమం ఇది. ఇప్పుడున్న యంత్రం పనికి అడ్డుపడుతుంటే, కంపెనీ విడుదల తేదీని ప్రకటించి అది రెండు నెలల లోపు ఉంటే తప్ప ఆగను. పని సాగుతుంటే ఆగుతాను, అప్పుడు కూడా పుకార్లను ఒక నోటుపుస్తకంలో తేదీ, మొదటి ఆధారం, అందులోని అంశం అన్న మూడు గళ్లలో రాసుకుంటాను. ఉదాహరణకు ఇంటెల్ నోవా లేక్ ప్రాసెసర్ శ్రేణిని తీసుకుందాం. అది 2026 చివర్లో వస్తుందని ఇంటెలే చెప్పింది కాబట్టి ఆ పేరు ఖాయం, తేదీ ఒక ప్రణాళిక. 52 కోర్ల దాకా ఉంటాయని, సాకెట్ మారుతుందని వచ్చిన వార్తలు తొలి దశలో నిర్ణయమయ్యే అంశాల గురించినవి కనుక వాటికి కొంత విలువ ఇవ్వవచ్చు. అందులో ఏ మోడల్ ఎంత ధరకు వస్తుందో చెప్పే పట్టిక కనిపిస్తే దాన్ని నోటుపుస్తకంలోకి ఎక్కించనే ఎక్కించను.

విడుదలైన రోజునే కొనడం కూడా మంచిది కాదు. రైజెన్ 9000 శ్రేణిని 2024 జూలై 31న అమ్మకానికి పెడతామన్న ఏఎండీ చివరి వారంలో ఆగస్టుకు వాయిదా వేసింది. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లలో తలెత్తిన అస్థిరతకు మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణ 2024 ఆగస్టులో గానీ రాలేదు, ఆ సంస్థ వారంటీని రెండేళ్లు పొడిగించవలసి వచ్చింది. స్వతంత్ర సమీక్షకులు ఒకే బోర్డు, ఒకే మెమరీ మీద పాత, కొత్త ప్రాసెసర్లను పక్కపక్కన నడిపి చూపే దాకా రెండు మూడు వారాలు ఆగండి. కొనే రోజున బిల్లు రాయించే ముందు బోర్డు పెట్టె మీద ఉన్న బయోస్ వెర్షన్ మీ ప్రాసెసర్‌ను గుర్తిస్తుందో లేదో తయారీదారు సైటులోని మద్దతు జాబితాలో చూసుకోండి. గుర్తించదని తేలితే, ప్రాసెసర్ లేకుండానే యూఎస్‌బీ ద్వారా బయోస్ మార్చుకునే సదుపాయం ఉన్న బోర్డు అడగండి, లేదా దుకాణంలోనే మార్పించుకుని, మానిటర్ మీద ప్రాసెసర్ పేరు కనిపించాకే ఇంటికి తీసుకెళ్లండి.