కోపం, దిగులు, టెన్షన్ వచ్చినప్పుడు ఎరుకతో ఉండడం ఎలా?

పై అధికారి నుంచి సాయంత్రం ఒక మెసేజ్ వస్తుంది: "రేపు ఒకసారి మాట్లాడాలి." ఇక ఆ రాత్రి నిద్ర పట్టదు. ఏం తప్పు చేశానో, ఉద్యోగం పోతుందేమో, పోతే ఇంట్లో ఏం చెప్పాలో అని ఆలోచనలు సాగుతూనే ఉంటాయి. మెసేజ్‌లో ఉన్నవి మూడే మాటలు. మిగతా కథంతా మనసు అల్లుకున్నదే.

ఆ అల్లిక జరుగుతుండగానే దాన్ని పట్టుకోగలగడమే మైండ్‌ఫుల్‌నెస్. తెలుగులో దీనికి 'ఎరుక' అనే చక్కని మాట ఉంది. బౌద్ధులు పాళీలో 'సతి' అన్నారు. 1979లో జాన్ కబట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో దీన్ని కొన్ని వారాల శిక్షణగా మలిచారు. అక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి నొప్పులతో బాధపడుతున్నవాళ్లు. నొప్పి ఉండగానే బతుకును సాగించడం వాళ్లు అక్కడ నేర్చుకున్నారు. ఉద్వేగాల విషయంలోనూ మనం చేయాల్సింది అదే. కోపమే రాని మనిషిగా మారాలని మొదలుపెడితే వారం తిరక్కుండానే నిరాశ పడతారు.

1. ప్రశాంతంగా ఉన్న రోజునే మొదలుపెట్టండి

వరద వచ్చిన రోజున ఈత నేర్చుకోలేం. రోజూ ఒకే సమయానికి 5 నిమిషాలు కూర్చోండి. కుర్చీలో అయినా పర్వాలేదు. ఊపిరి లోపలికి వెళ్తున్నప్పుడు, బయటికి వస్తున్నప్పుడు పొట్ట కదలికను గమనించండి. కాసేపటికే మనసు ఎటో వెళ్లిపోతుంది. వెళ్లిందని తెలియగానే విసుక్కోకుండా మళ్లీ ఊపిరి మీదికి తెచ్చుకోండి. పదిసార్లు పోతే పదిసార్లు తెచ్చుకోండి. అసలు సాధన ఆ తెచ్చుకోవడంలోనే ఉంది. "నా మనసు నిలవదు, ఇది నావల్ల కాదు" అని చాలామంది ఇక్కడే మానేస్తారు. 2010లో హార్వర్డ్ పరిశోధకులు కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ ప్రచురించిన అధ్యయనంలో, మెలకువగా ఉన్న సమయంలో దాదాపు 47 శాతం సేపు మనుషుల మనసు చేస్తున్న పని మీద లేదని తేలింది. కాబట్టి ఇది మీ ఒక్కరి లోపం కాదు.

గతంలో పెద్ద దెబ్బ తిన్నవాళ్లకు కళ్లు మూసుకుంటే పాత భయాలు తిరగబెట్టవచ్చు. అలాంటప్పుడు కళ్లు తెరిచే ఉంచి, నేలకు ఆనిన పాదాలను, చుట్టూ వినిపించే శబ్దాలను గమనించండి. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే ఆపేయండి.

2. ఉద్వేగం వచ్చిన క్షణంలో ఒంటిని చూడండి

దవడ బిగుసుకుందా? గుండె దడదడలాడుతోందా? పొట్టలో ముడి పడ్డట్టుందా? ఎవరిది తప్పు అన్న విచారణను కాస్త పక్కన పెట్టి, ముందు ఇది చూడండి. తర్వాత ఊపిరిని మామూలుగా పీల్చి, నెమ్మదిగా ఎక్కువసేపు వదలండి. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ప్రభావంతో గుండె వేగం కొంచెం తగ్గుతుంది. అలా నాలుగైదు సార్లు చేస్తే చాలు.

3. దానికి పేరు పెట్టండి

అన్నిటికంటే నాకు ఎక్కువ మేలు చేసింది ఈ అడుగే. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం చేసిన ప్రయోగంలో, ముఖాల బొమ్మలు చూస్తూ వాటిలో కనిపించే ఉద్వేగం పేరు ఎంచుకున్నవాళ్ల మెదడులో అమిగ్డలా స్పందన తగ్గింది. భయం, బెదురు లాంటివి పుట్టినప్పుడు చురుగ్గా పనిచేసే భాగాల్లో అదొకటి.

పేరు పెట్టడానికి మన భాష ఎంత సాయం చేస్తుందో చూడండి. మనం "నాకు కోపం వచ్చింది" అంటాం. అంటే కోపం నేను కాదు, నా దగ్గరికి వచ్చినది. వచ్చింది కాబట్టి పోతుంది కూడా. లోపల మంట రేగినప్పుడు "వాడు నన్ను లెక్కచేయలేదు" అనే బదులు "నాకు కోపం వచ్చింది" అని మనసులో అనుకుని చూడండి. మొదటి వాక్యం గొడవకు దారి తీస్తుంది. రెండోది జరుగుతున్నదేమిటో చెబుతుంది.

ఇంకా సరైన మాట కోసం వెతకండి. అది కోపమా, చిరాకా, అలకా, ఉక్రోషమా? అలక అయితే లోపల ఎక్కడో ప్రేమ ఆశిస్తున్నారని అర్థం. చిరాకు అయితే బహుశా విశ్రాంతి కావాలి. గుబులు వేరు, బెంగ వేరు. బెంగకు ఒక ఫోన్ కాల్ మందు కావచ్చు, గుబులుకు కాకపోవచ్చు. పేరు కుదిరితే ఏం చేయాలో సగం తెలిసిపోతుంది.

4. కాసేపు ఉండనివ్వండి

తరమకండి, తర్కించకండి. అల లాగా పెరిగి తగ్గడం చూడండి.

5. ఇప్పుడు చేయాల్సింది చేయండి

ఎరుక అంటే అన్నీ ఓర్చుకోవడం అనుకుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఎవరైనా మిమ్మల్ని అవమానిస్తుంటే ఆ మాట వాళ్లతో చెప్పాల్సిందే. కాకపోతే దవడ వదులయ్యాక, గొంతు మామూలయ్యాక చెప్పండి. రాత్రి 11కు టైప్ చేసిన మెసేజ్‌ని పొద్దున చదివి పంపండి.

6. రాత్రి రెండు వాక్యాలు రాసుకోండి

ఈ రోజు ఏ ఉద్వేగం వచ్చింది, దానికి ముందు ఏం జరిగింది. అంతే. నేను మూడు వారాలు రాశాక నా కసుర్లలో ఎక్కువ భాగం సాయంత్రం పూట, ఆకలిగా ఉన్నప్పుడే అని తెలిసింది. అన్నాళ్లూ పిల్లల అల్లరే కారణమనుకున్నాను. ఇంటికి రాగానే ఏదైనా తిని, పది నిమిషాలు కూర్చున్నాకే వాళ్ల దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. అయినా అరిచేసిన రోజులు ఉన్నాయి. ఆ రోజుల్లో వాళ్లకు సారీ చెప్పి, రాత్రి అది కూడా రాసుకున్నాను.

దిగులు రెండు వారాలకు మించి రోజూ వెంటాడుతున్నా, నిద్ర, ఆకలి చెడిపోయినా డాక్టర్‌ను కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగవద్దు. ఆ రోజే దగ్గరివాళ్లకు చెప్పి, వాళ్లను తోడు తీసుకుని వైద్యుడి దగ్గరికి వెళ్లండి. ఊపిరి సాధన ఆ చికిత్సతో పాటు చేసుకోవచ్చు.