కీమో, ట్రాన్స్‌ప్లాంట్ రోగుల ఊపిరితిత్తులకి బూజు పట్టకుండా

దాళ్వా కోతలయ్యాక వానకి తడిసిన గడ్డిమోపు విప్పితే బూడిదరంగు పొగ లేస్తుంది. అది ఉత్త దుమ్ము కాదు. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు బీజాలు అందులో లెక్కలేనన్ని ఉంటాయి. ఒక్కోటి 2-3 మైక్రాన్లే కాబట్టి ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. మామూలు మనిషిలో తెల్లరక్తకణాలు వాటిని మింగేస్తాయి. కీమోతో న్యూట్రోఫిల్స్ (ఆ తెల్లరక్తకణాల్లో ఒక రకం) మైక్రోలీటర్ రక్తానికి 500 కన్నా తగ్గి, పది రోజులైనా కోలుకోనివాళ్లకి, కిడ్నీ మార్పిడి అయినవాళ్లకి, నెలల తరబడి స్టెరాయిడ్ మింగేవాళ్లకి ఆ బలం ఉండదు.

అలాంటి మనిషిని కళ్లం, గడ్డిమేటు, పెంటకుప్ప, రైస్ మిల్లు, కొబ్బరి పీచు ఆడే చోటు వైపు పోనివ్వకండి. తప్పనిసరైతే ముక్కుకి అతుక్కునే ఎన్-95 మాస్కు పెట్టాలి; తువ్వాలు చుట్టుకుంటే ఆగవు. వరద తీశాక లంక ఇళ్లలో గోడకి పట్టిన బూజుని పొడి చీపురుతో దులపొద్దు, గదంతా లేస్తుంది. రోగిని వేరే ఇంట్లో ఉంచి, గోడ తడిపి తుడవండి.

కీమోలో ఉన్న మనిషికి జ్వరం 100.4 డిగ్రీలు తాకితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకండి, అప్పుడే ఆసుపత్రికి బయల్దేరండి. యాంటీబయాటిక్ నాలుగు రోజులు ఎక్కినా జ్వరం దిగకపోయినా, ఊపిరి తీస్తే ఒక పక్క పొడిచినా, కళ్లెలో నెత్తురు జీర కనబడినా ఛాతీ సీటీ స్కాన్ గురించి డాక్టర్‌ని అడగండి. మొదట్లో ఎక్స్‌రే శుభ్రంగా కనిపించొచ్చు. ఈ బూజు ఆనవాలుని రక్తంలో పట్టే గెలాక్టోమానన్ పరీక్ష కూడా ఉంది.

ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే: ఎక్స్‌రేలో మచ్చ చూసి, కళ్లె పరీక్ష లేకుండానే టీబీ మందులు మొదలవుతాయి. రోజులు పోవడం ఒక నష్టమైతే, వాటిలోని రిఫాంపిసిన్, ఈ బూజుకి వాడే మందు వొరికొనజోల్‌ని రక్తంలో నిలవనివ్వదు. ఆ రెండూ కలిపి వాడకూడదు.

వొరికొనజోల్ మాత్ర అన్నానికి గంట ముందు గానీ గంట తర్వాత గానీ వేసుకోవాలి. ఎండ తగలనివ్వకండి, చర్మం కమిలిపోతుంది. ట్రాన్స్‌ప్లాంట్ వాళ్లకి ఈ మాత్రతో, పెట్టిన అవయవాన్ని ఒళ్లు తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్ రక్తంలో ఒక్కసారిగా పెరిగి కిడ్నీ దెబ్బతింటుంది, అందుకని వొరికొనజోల్ మొదలుపెట్టే రోజే డాక్టర్ ఆ మోతాదు తగ్గిస్తారు. తగ్గించారో లేదో చీటీలో చూసుకోండి. షుగర్ అదుపు తప్పినవాళ్లలో వచ్చే మ్యూకర్ అనే ఇంకో బూజుకి (బ్లాక్ ఫంగస్) ఈ మాత్ర పనిచెయ్యదు, యాంఫోటెరిసిన్ ఎక్కించాలి.