ఎర్రనీటి రోజుల్లో గోదావరి పరిశీలనకు వెళ్లేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

వేసవంతా మురుగు కాలువల్లో పేరుకున్న మలినం వరద మట్టితో నది ఎర్రబారే తొలి వానలకు ఒక్కసారిగా గోదావరిలో చేరుతుంది కనుక, స్వచ్ఛంద కార్యకర్తలు నీటి నమూనాలు తప్పక తీయవలసిన రోజులు ఇవే. ప్రమాదం పొంచి ఉండేదీ ఈ రోజుల్లోనే.

మే నెలలో నడిచి దాటిన పాయను జూలైలో నమ్మకూడదు. ఇసుక తవ్విన గుంతలు ఎర్రనీటి అడుగున కనిపించవు. మోకాలి లోతున్న చోటి నుంచి ఒక్క అడుగు వేస్తే, ఈత వచ్చినవారు కూడా తేరుకోలేనంత లోతు ఎదురుకావచ్చు. అందుచేత నీటిలోకి దిగకుండా, వంతెన మీద నుంచి గాని గట్టి రేవు మీద నుంచి గాని తాడు కట్టిన బకెట్‌తోనే నమూనా తీయాలి. ఆ తాడును చేతికి చుట్టుకోరాదు. ప్రవాహం బకెట్‌ను లాగితే వదిలేయగలగాలి. లంకలకు వెళ్లేటప్పుడు లైఫ్ జాకెట్ తప్పనిసరి. పడవ నడిపే పెద్దాయన వద్దంటే మారు మాట్లాడకుండా వెనుదిరగాలి.

మన ఊళ్లో చినుకు పడకపోయినా, ప్రాణహిత, ఇంద్రావతి పొంగితే ఇక్కడ వరద వస్తుంది. కాబట్టి బయలుదేరే ముందు భద్రాచలం నీటిమట్టం తెలుసుకోవాలి. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది జారీ అవుతాయి. 2022 జూలైలో నీరు 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకు వస్తుంది గాని, అంతవరకు ఆగకుండా భద్రాచలం మొదటి హెచ్చరికతోనే పని ఆపడం మేలని నా అభిప్రాయం.

నీటికుక్కల (ఆటర్ల) అడుగుజాడలు, మలం కోసం మనం వెతికే గట్లే వరదకు కొట్టుకొచ్చిన పాములకూ ఆశ్రయం. కర్రతో తట్టుకుంటూ, బూట్లు వేసుకుని నడవాలి; మలాన్ని చేత్తో తాకకుండా పక్కన స్కేలు పెట్టి ఫోటో తీస్తే చాలు. పాము కాటేస్తే కోయడం, కట్టు బిగించడం చేయకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

నీటిలో కరిగిన ఆక్సిజన్ పరీక్షలో వాడే అజైడ్ అనే రసాయనం విషం; సల్ఫ్యూరిక్ ఆమ్లం చర్మాన్ని కాల్చేస్తుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేనిదే వాటి మూత తీయకూడదు, మిగిలిన ద్రావణాన్ని నదిలో పోయకూడదు. చర్మం మీద పుండ్లు ఉన్నవారు మురుగునీటికి దూరంగా ఉండాలి; తరువాతి వారాల్లో జ్వరం వస్తే, ఎలుకల మూత్రం వల్ల సోకే లెప్టోస్పైరోసిస్ కావచ్చు కనుక, నదిలో పనిచేసిన సంగతి డాక్టరుకు చెప్పాలి.

వెళ్లలేకపోయిన రోజున నమోదు పుస్తకంలో ‘వరద వల్ల నమూనా తీయలేదు’ అని రాయాలి. నిన్నటి అంకెను చూసి ఆ గడి నింపకూడదు.