మృగశిరకు ఐదు డబ్బాలతోని మొదలుపెట్టండి: బంగ్ల మీద కూరగాయలు, దాంతోపాటు జర సోకు

నేను మొదటిసారి బంగ్ల మీద మొక్కలు పెట్టింది ఏప్రిల్ నెలల. ఉగాది అయిపోయింది, పిల్లలకు సెలవులు వస్తున్నయ్, ఫోన్ తీస్తే చాలు అందరి డాబాలు పచ్చగ కనిపిస్తున్నయ్, సరే మనం గూడ పెడదాం అని పద్దెనిమిది గ్రో బ్యాగులు, రంగురంగుల ప్లాస్టిక్ కుండీలు, వేలాడదీసే బుట్టలు, ఆఖరికి ఒక చిన్న ఫౌంటెన్ గూడ (నవ్వకండి) ఒక్కరోజే తెచ్చిన. మే నెల సగం అయ్యేసరికి ఫౌంటెన్ తప్ప ఏం మిగల్లే. మా అత్తమ్మ పైకొచ్చి ఒక కుండీల మట్టి ముట్టుకొని టక్కున చేయి తీసుకొని, "పెనం మీద పెట్టినవ్ గద బిడ్డా, మనుషులే నిలబడుతలేరు ఈడ" అన్నది.

మాది నల్గొండ. ఊరు పక్కనే లతీఫ్ సాబ్ గుట్ట, కాపురాల గుట్ట, పొద్దంతా ఆ బండలు కాగి రాత్రి పూట గూడ సెగ వదుల్తనే ఉంటయ్. మే నెలల 43, 44 డిగ్రీలు మనకు మామూలే. టమాటకైతే 35 దాటితేనే పూత రాలుడు మొదలైతది, ఇగ 44ల ఏం కాస్తది. అందుకే కొత్తగ మొదలుపెట్టేటోళ్లకు నేను చెప్పే మొదటి మాట ఏందంటే, ఎండాకాలంల షాపుకు పోకండి. మృగశిర కార్తె దాకా ఆగండి, అంటే జూన్ 7, 8 తారీఖులకు వస్తది, ఒకటి రెండు వానలు పడి నేల చల్లబడ్డాక గింజ పెట్టండి. మృగశిర తప్పిపోతే దసరా అయినాక ఇంకో మంచి అదును ఉంటది, టమాట, పాలకూర, మెంతికూర, కొత్తిమీరకు అసలు అదే మంచి టైమ్, చలికాలమంతా కాస్తయ్. బెండ, పుంటికూర, తోటకూర, బీర, సొర మాత్రం వానలకే.

మృగశిర దాకా ఊరికె కూసోవద్దు, జాగ చూసుకోవాలె. పొద్దున ఎనిమిదికి ఒకసారి, పన్నెండుకి ఒకసారి, మూడింటికి ఒకసారి పైకి పోయి ఎండ ఎక్కడ పడుతుందో, నీళ్ల ట్యాంకు నీడ ఎక్కడిదాక వస్తుందో చూడండి. కాయగూరలకు రోజుకు ఆరు గంటల ఎండ ఉండాలె, ఆకుకూరలకు మూడు నాలుగు గంటలైనా నడుస్తది. ట్యాంకు నీడ మధ్యాహ్నం పూట పడే జాగ దొరికితే అది ఆకుకూరలకు ఉంచుకోండి.

తర్వాత బరువు. ఇది చాలామంది పట్టించుకోరు. ఇరవై లీటర్ల పెయింట్ డబ్బాల తడి మట్టి నింపితే ఇరవై ఐదు, ముప్పై కిలోలు తూగుతది, అసొంటివి ఇరవై తీస్కపోయి స్లాబు నట్టనడుమ పెడితే ఎట్ల. గోడల వెంట, కింద బీములు ఉన్న లైన్ మీద పెట్టుకోండి. డబ్బా కింద రెండు ఇటుకలు తప్పకుండ ఉండాలె, నేరుగ స్లాబు మీద పెడితే కింద తడి ఆరక చెమ్మ దిగుతది. ఇప్పటికే ఇంట్ల పైకప్పు ఉరుస్తుంటే మాత్రం ముందు అది బాగుచేయించుకోండి, మొక్కలు ఎక్కడికి పోవు. మా ఇంట్ల ఇల్లు కట్టినప్పుడు మిగిలిన షాబాద్ బండలు గోడకు ఆనిచ్చి ఉండె, అవి ఇటుకల మీద పేర్చితే బెంచీ లెక్క తయారైంది, ఒక్క రూపాయి పెట్టకుండ సగం డెకరేషన్ దాంతోనే అయిపోయింది.

డబ్బాల కోసం పైసలు పెట్టకండి. పెయింటర్ల దగ్గర అడిగితే ఖాళీ ఇరవై లీటర్ల డబ్బాలు దొరుకుతయ్, బాగ కడిగి ఇనుప ఊచ కాల్చి అడుగున ఐదారు బొక్కలు పెట్టాలె, పక్కన అంగుళం ఎత్తుల ఇంకో రెండు. బొక్కల మీద కొబ్బరిపీచు ఇంత పరిస్తే మట్టి కారిపోదు. ఆకుకూరలకు ఆరు ఎనిమిది అంగుళాల లోతు చాలు, పాత టబ్బు, థర్మాకోల్ డబ్బా ఏదైనా. టమాట, వంకాయ, మిర్చి, బెండకు అడుగు లోతు. సొరకు మాత్రం ఎంత పెద్దదైతే అంత మంచిది, డ్రమ్ము సగానికి కోసి పెట్టండి, చిన్నదాంట్ల పెడితే తీగ పాకుతది, పూత పూస్తది, పిందెలు పండుబారి రాలిపోతయ్, ఏడుపొస్తది.

మట్టి దగ్గర నేను కొంచెం చాదస్తం మనిషిని. మా దిక్కు ఎర్ర చెల్క మట్టి, అది ఒక వంతు, బాగ మాగిన పెంట ఎరువు ఒక వంతు, కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) ఒక వంతు, డబ్బాకు రెండు పిడికెళ్ల వేపపిండి (వేపగింజల నూనె తీసినాక మిగిలే పిండి). నల్లరేగడి ఉన్నోళ్లు అచ్చం రేగడే నింపకండి, తడిస్తే బంకలెక్క అయితది, ఎండితే నెర్రెలు ఇస్తది, దాంట్ల ఇసుక కలిపి ఎరువు ఇంకొంచెం ఎక్కువ వెయ్యండి. పెంట ఎరువు అంటే పచ్చి పెండ కాదు, పచ్చిది వేస్తే వేర్లు మాడుతయ్, చెదలు గూడ పడుతది. చేతుల పట్టుకుంటే పొడిపొడిగ, నల్లగ, వాసన లేకుండ ఉండాలె. అన్నీ కలిపినాక కొన్ని నీళ్లు చల్లి గుప్పెట్ల పిసికి చూడండి, ముద్ద కావాలె, వేలితోని అట్ల పొడిస్తే మళ్ల రాలిపోవాలె. ముద్ద రాలకుంటే బంక ఎక్కువైందన్నట్టు, అసలు ముద్దే కాకుంటే ఇసుక ఎక్కువైందన్నట్టు. డబ్బా అంచు దాకా నింపకుండ రెండు అంగుళాలు వదిలిపెట్టండి, లేకుంటే నీళ్లు పోసినప్పుడల్ల మట్టి బయటికి.

ఇప్పుడు ఐదు డబ్బాలు. ఐదే. నాలెక్క పద్దెనిమిది పెట్టకండి. తోటకూర, పుంటికూర, బెండ, మిర్చి, బీర లేదా సొర. తోటకూర గింజలు ఆవాల కంటే చిన్నవి, పిడికెడు ఇసుకల కలిపి చల్లితే సమానంగ పడతయ్, పైన పల్చగ మట్టి, అంతే, నాలుగైదు రోజులల్ల మొలుస్తది, నెల లోపే కోసుకోవచ్చు, పీకకుండ కోస్తే మళ్ల చిగురేస్తది. పుంటికూర గురించి చెప్పేదేం లేదు, అది మనం చంపుదామన్నా చావదు. బెండ గింజలు రాత్రి నానబెట్టి పొద్దున పెట్టాలె, డబ్బాకు రెండు చెట్లకంటే ఎక్కువ వద్దు, నలభై ఐదు రోజులకు కాత మొదలైతది, ఇగ రోజు విడిచి రోజు తెంపాలె, ఒక్క రెండు రోజులు ఊరికి పోయొస్తే చాలు కాయలు ముదిరి కట్టెలైతయ్. అర్క అనామిక అని బెంగళూరు ఐఐహెచ్ఆర్ (తోటపంటల పరిశోధన సంస్థ) వాళ్ల రకం ఉంటది, హైబ్రిడ్ కాదు, ఒక కాయ చెట్టు మీదనే ఎండనిస్తే వచ్చే ఏడాదికి గింజలు మనయే. మిర్చి, టమాట నేరుగ డబ్బాల వెయ్యకుండ చిన్న ట్రేల నారు పోసి ముప్పై రోజులైనాక సాయంత్రం పూట నాటాలె, పొద్దున నాటితే ఎండకు వాలిపోతది.

బీర, సొర పెట్టినోళ్లు అందరూ ఒకటే అడుగుతరు, పూలు మస్తు పూస్తున్నయ్ కాయ ఎందుకు రాదు అని. మొదట వచ్చేవన్నీ మగపూలే. ఆడపువ్వు వచ్చినప్పుడు మీకే తెలుస్తది, పువ్వు కింద వేలెడు పిందె ఉంటది, బీరకు అప్పుడే గీతలు గూడ కనిపిస్తయ్, సొరకు నూగు ఉంటది. తేనెటీగలు రాని బంగ్లల మీద మనమే ఆ పని చెయ్యాలె. బీర, సొర పూలు పొద్దుగూకే టైముకు విచ్చుకుంటయ్, కాకర, దోస పొద్దున. మగపువ్వు తెంపి, రెక్కలు తీసేసి, నడుమ ఉన్న పుప్పొడిని ఆడపువ్వు నడుమ మెల్లగ రెండు మూడు సార్లు తాకియ్యాలె. మా పిల్లలు దీన్ని "సొరకాయ పెండ్లి" అంటరు, సాయంత్రం ఆరున్నర కాంగనే పైకి ఉరుకుతరు. మూడు నాలుగు రోజులకు పిందె కిందికి వంగి లావైతే పెండ్లి కుదిరినట్టు.

చిక్కుడు గూడ వానాకాలంల గింజ పెట్టొచ్చు కాని తొందరపడకండి, నాటు చిక్కుడు ఎంత తీగ పారినా పొద్దు తగ్గి చలి మొదలైతేనే పూస్తది, సంక్రాంతికి బుట్టల్ల దించుకోవచ్చు.

నీళ్ల సంగతి. మన జిల్లాల బోరునీళ్ల గురించి దేశమంతటికి తెలుసు, నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతికే నల్గొండ టెక్నిక్ అని పేరు పెట్టిన్రు, పటిక, సున్నం కలిపి చేస్తరు దాన్ని. ఇది తాగే నీళ్ల ముచ్చట. మొక్కల దగ్గర బోరు నీళ్లతోని వచ్చే తిప్పల ఉప్పు. కొన్ని నెలలు పోస్తే మట్టి మీద, కుండీ అంచులకు తెల్లగ పొర కడతది, ఆకుల కొనలు మాడుతయ్. పై మట్టి గీకి తీసేసి, కింది బొక్కలల్ల నుంచి బాగ కారేదాక నీళ్లు పోసి కడిగెయ్యాలె, కుదిరితే మిషన్ భగీరథ నల్లా నీళ్లు, లేకుంటే వానకు పట్టిన నీళ్లు. పాలకూర ఈ ఉప్పుకు తట్టుకుంటది, బీన్స్ అసలు తట్టుకోదు. బియ్యం కడిగిన నీళ్లు పారబోయకుండ పోయండి, అన్నం గంజి మాత్రం వద్దు, చీమలొస్తయ్. ఎన్నిసార్లు పొయ్యాలె అంటే వేలు రెండు గీతల దాక మట్టిల గుచ్చండి, పొడిగ తగిలితే పొయ్యండి, తడి తగిలితే ఆగండి. ఎక్కువ మొక్కలు చచ్చేది ప్రేమతోని పోసిన నీళ్లకే. టమాట కాయ అడుగున నల్లగ అయితే గూడ మందు కోసం ఉరకకండి, ఒకరోజు మస్తు పోసి రెండు రోజులు మర్చిపోతే కాయకు కాల్షియం సరిగ అందక అట్ల అయితది.

పురుగులు వస్తయ్. బెండకు పేనుబంక, మిర్చికి తెల్లదోమ, మందారం పక్కన ఉంటే పిండినల్లి. లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కొంచెం కుంకుడు రసం, పొద్దుగూకినాక ఆకు కింది భాగం తడిసేటట్టు కొట్టాలె, వారానికొకసారి. ఎండల కొడితే ఆకు మాడుతది. పసుపుపచ్చ రంగు అట్టకు ఆముదం రాసి వేలాడదీస్తే తెల్లదోమ వచ్చి అంటుకుంటది. కోతులకు మాత్రం నాదగ్గర మందు లేదు. ఒకసారి ఎనిమిది సొరకాయలు, ఒక్కొక్కటి ఒక్క కొరుకు కొరికి పారేసి పోయినయ్, తిన్నా బాధపడకపోదును. ఇప్పుడు నైలాన్ వల కట్టినం. మిర్చి, పుంటికూర జోలికి అయితే రాలే ఇప్పటిదాక.

ఇగ సోకు. నా లెక్కల బంగ్ల మీద పెట్టే ప్రతి అలంకారం ఏదో ఒక పని చెయ్యాలె, బొమ్మలు పెడితే దుమ్ము తుడుచుడే మిగుల్తది. నల్ల డబ్బాలు ఎండకు కాగుతయ్, వాటికి గోనెసంచి చుట్టి సుతిలితోని కట్టండి, చూడముచ్చటగ ఉంటది, వేరు చల్లగ ఉంటది. ప్లాస్టిక్ మీద సున్నం నిలవదు, రెండు వానలకు ఊడిపోతది, నేను చేసి చూసిన. మట్టి గోలేలకు మాత్రం జాజు పూసి, ఆరినాక సున్నం నీళ్లల్ల కొంచెం ఫెవికాల్ కలిపి, కట్టెపుల్లకు దూది చుట్టి చుక్కలు, అడ్డగీతలు పెట్టండి, ఇంటి గడప మీద పెట్టినట్టే. ముగ్గు రాదనుకునేటోళ్లు వరుసగ చుక్కలు పెట్టినా చాలు. వానకు వెలిసిపోతది, బతుకమ్మ ముందు ఇంకోసారి పూసుకుంటే పండుగకు ఇల్లు తయారైనట్టే.

డబ్బాల నడుమ బంతి పెట్టండి, తేనెటీగలను పిలుస్తది. ఒక గోలెంల సీతజడ, ఒకదాంట్ల గునుగు. జూన్‌ల గింజ చల్లితే బతుకమ్మకు మన పూలు మనకుంటయ్, తంగేడు కోసం మాత్రం గుట్టకు పోవాల్సిందే. బీరతీగకు నాలుగు బొంగులు పాతి (పాత డబ్బాలల్ల సిమెంటు పోసి నిలబెట్టినం మేము) పైన సుతిలితోని పందిరి అల్లితే దాని కింద కుర్చీ వేసుకొని చాయ్ తాగొచ్చు. అత్తమ్మ పాత నారాయణపేట చీర ఒకటి, అంచు బాగుండె, నడుమ చిరిగింది, దాన్ని పడమటి దిక్కు తాడుకు కట్టిన, మూడింటి ఎండ ఆగింది, ఎవలొచ్చినా ముందు ఆ చీర గురించే అడుగుతరు. మూలకు పాత కందీలు ఒకటి వేలాడుతది, దాంట్ల చిన్న బల్బు పెట్టిన్రు మా ఆయన. పైన లైట్లకు వైరు లాగేటోళ్లు వానకు తడవని చోట నుంచి లాగండి, అతుకులు బయట ఉంచకండి.

మార్చి సగం కాంగనే 50 శాతం గ్రీన్ షేడ్ నెట్ (సగం ఎండను ఆపే పచ్చ వల) కట్టెయ్యండి, నీళ్లు పొద్దున సాయంత్రం రెండుసార్లు. ముసలైపోయిన టమాట, వంగ చెట్లను బతికియ్యాలని చూడకుండ పీకెయ్యండి. ఆ డబ్బాల మట్టిని మే నెలల స్లాబు మీద పాత టార్పాలిన్ పరిచి పల్చగ ఆరబోస్తే ఏ ఎండకైతే నా పద్దెనిమిది మొక్కలు పోయినయో అదే ఎండకు మట్టిల ఉన్న పురుగు, గుడ్లు మాడుతయ్, పది పదిహేను రోజులు, నడుమ రెండుసార్లు తిప్పాలె. తర్వాత దాంట్ల మళ్ల ఒక తట్ట పెంట ఎరువు, రెండు పిడికెళ్ల వేపపిండి కలిపి డబ్బాలకు ఎత్తి, పైన ఎండు ఆకులు కప్పి మొదటి వాన దాకా అట్లనే ఉంచండి.