ఆన్‌లైన్‌లో దరఖాస్తు టైప్ చేస్తే ఆగమాగం అవుతోందా? ఇవి చూడండి

ప్రజావాణికి ఇచ్చే అర్జీ అయినా, ప్రిన్సిపాల్‌కు పెట్టే లీవ్ లెటర్ అయినా, గూగుల్ డాక్స్‌లో టైప్ చేసేవాళ్లకు వచ్చే ఇబ్బందులు దాదాపు ఇవే. పైన ఉన్న బటన్లన్నీ నొక్కి పరేషాన్ కావద్దు, ఎందుకంటే సగం గడబిడ పేస్ట్‌తోనూ స్పేస్‌బార్‌తోనూ వచ్చేదే.

ఒక్కో పేరా ఒక్కో తీరుగా ఉందా?
వేరే సైట్ నుంచి కాపీ చేసినప్పుడు అక్షరాలతో పాటు అక్కడి రంగు, సైజు, వెనక ఉన్న బూడిద రంగు కూడా వచ్చేస్తాయి. కంట్రోల్, షిఫ్ట్, వీ కలిపి నొక్కి పేస్ట్ చేస్తే ఉత్త అక్షరాలే వస్తాయి. ఇప్పటికే పేస్ట్ చేసేసి ఉంటే అంతా సెలెక్ట్ చేసి, ఫార్మాట్ మెనూలో క్లియర్ ఫార్మాటింగ్ కొట్టండి. వాట్సాప్‌లో బోల్డ్ కోసం పెట్టిన చుక్కగుర్తులు (*) మాత్రం దీంతో పోవు, వాటిని ఫైండ్ అండ్ రీప్లేస్‌లో తీసేయాలి.

కుడివైపు పెట్టిన తేదీ, సంతకం పక్కకు జరుగుతున్నాయా?
స్పేస్‌బార్ నొక్కుతూ నెట్టుకుంటూ పోయారన్నమాట. ఫాంట్ మారితే ఖాళీల వెడల్పూ మారుతుంది, ఇంట్లో సరిగ్గా కనిపించింది జిరాక్స్ సెంటర్‌లో ఇంకోలా వస్తుంది. ఖాళీలన్నీ తీసేసి రైట్ అలైన్ పెట్టండి. ఒకే వరుసలో ఎడమన తేదీ, కుడిన ‘స్థలం: నల్లగొండ’ కావాలంటే పైన రూలర్ మీద కుడి అంచు దగ్గర క్లిక్ చేసి రైట్ ట్యాబ్ స్టాప్ పెట్టుకోండి, తర్వాత రెండింటి మధ్య ఒక్కసారి ట్యాబ్ కీ నొక్కితే చాలు.

ఊరి పేరు అతుక్కుపోతోందా?
మనవైపు వాళ్లకు ఇది మస్తు తగులుతుంది. మహబూబ్‌నగర్ అని రాయబోతే ‘మహబూబ్నగర్’ అని వచ్చి, న కాస్తా బ కింద వత్తుగా దిగిపోతుంది. నాగర్‌కర్నూల్‌దీ అదే గోస. పొల్లు తర్వాత హల్లు వస్తే రెండూ కలవడం యూనికోడ్ (ఫోన్లలో, కంప్యూటర్లలో ఇప్పుడు వాడే అక్షరాల కోడ్) తెలుగు పద్ధతి, ఫాంట్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. రెండింటి మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు పడాలి. ఇన్సర్ట్‌లో స్పెషల్ క్యారెక్టర్స్ తెరిచి, వెతికే పెట్టెలో 200, దాని పక్కనే ఇంగ్లీషు సీ అక్షరం కొడితే దొరుకుతుంది. ఒక్కచోట సరిచేసుకుని, దాన్నే కాపీ చేసి మిగతాచోట్ల రీప్లేస్ ఆల్ కొట్టండి.

వత్తులు కింది వరుసకు తగులుతున్నాయా?
లైన్ స్పేసింగ్ 1 మీద ఉండి ఉంటుంది, 1.5 చేయండి. రామభద్ర లాంటి లావు ఫాంట్ హెడ్డింగులకు బాగుంటుంది కానీ అర్జీకి వద్దు, దానికి మళ్లీ బోల్డ్ కూడా పెడితే అక్షరాల కడుపులు పూడుకుపోతాయి. మండలి ఫాంట్ చాలు. ఇటాలిక్ జోలికైతే అసలు పోకండి, చాలా తెలుగు ఫాంట్లలో అది విడిగా ఉండదు, ఉన్న అక్షరాన్నే వంచి చూపిస్తుంది.

సంతకం ఒక్కటే రెండో పేజీకి పోతోందా?
పేజ్ సెటప్ చూడండి. లెటర్ సైజు ఉంటే ఏ4 చేయండి, అది 18 మిల్లీమీటర్లు పొడవెక్కువ. ప్రింటుకు పీడీఎఫ్ చేసి పంపండి.

పాత ఫైల్ తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలా?
డీటీపీ సెంటర్‌లో ‘అను’ అనే ఫాంట్‌తో కొట్టినది అయ్యుంటుంది. అది యూనికోడ్ కాదు, కాబట్టి కన్వర్టర్‌లో వేసి మార్చుకోవాలి. ఈమెయిల్, బ్యాంకు కోడ్ లాంటి అసలు ఇంగ్లీషు ముక్కలు ఉంటే ముందే పక్కన పెట్టుకోండి, లేకపోతే కన్వర్టర్ వాటిని కూడా తెలుగు చేసేస్తుంది.